ఎనుము దాణా కోడిపిల్లకు ఎందుకు పట్టదు?

నందవరం, ఎమ్మిగనూరు వైపు పాల సంఘాలకు వెళ్ళినప్పుడు, పాలు పోసే వేళ సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు మామూలుగా వెన్న శాతం గురించో, ఈనిన ఎనుము తిరిగి ఎదకు రాకపోవడం గురించో ఉంటాయి. వాటితోపాటు ఇంకొక ప్రశ్న కూడా తరచు వినవస్తుంది. "సార్, సంఘం దాణా కోళ్ళకు వేయొచ్చునా?" అని. అడిగేవారిలో ఎక్కువమంది మహిళా సభ్యులే. కొట్టంలో ఎనుమును చూసేదీ వారే, పెరట్లో కోళ్ళను చూసేదీ వారే. దాణా మూట ఇంట్లోనే ఉంటుంది. ఒక చేరెడు తీసి కోళ్ళ ముందు చల్లడం కష్టమేమీ కాదు.

ఒక సభ్యురాలు చెప్పిన సంగతి ఇది. ఆమె ఇంట్లో ఏళ్ళ తరబడి ఐదారు నాటుకోళ్ళు ఉన్నాయి. ఎనుము తొట్టి చుట్టూ రాలిన దాణాను అవి ఏరుకు తింటూనే ఉన్నాయి, గుడ్లు పెడుతూనే ఉన్నాయి. ఆ ధైర్యంతో ఆమె 20 మేలుజాతి కోడిపిల్లలు తెప్పించి, అదే దాణాను నీళ్ళతో తడిపి రోజూ పెట్టింది. మూడు వారాలు తిరిగేసరికి ఏడు పిల్లలు పోయాయి. మిగిలినవి ఈకలు విప్పుకొని, వెనుక భాగం రెట్టతో అంటుకుపోయి, పిడికిలి కంటే పెద్దవి కాలేదు. "నాటుకోళ్ళు తిన్న దాణానే కదా సార్ ఇవీ తినింది, అవి బాగుండి ఇవెందుకు చచ్చిపాయ?" అని ఆమె అడిగింది.

ఏదో రోగం తగిలి ఉంటుందని చెప్పి మేము ఆ రోజు వచ్చేశాము. తరువాత ఆలోచిస్తే అది సరైన జవాబు కాదనిపించింది. ఆమె అడిగిన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. మేతలోని పీచు కోడి కడుపులో ఏమవుతుంది అన్నది ఒకటి. జాతిని బట్టి జీర్ణశక్తి మారుతుందా అన్నది రెండవది. ఆలస్యంగానైనా ఆమెకూ, ఆమెలాంటి సభ్యులందరికీ ఇక్కడ జవాబు చెప్పే ప్రయత్నం చేస్తున్నాము.

కోడి ఎనుము కాదు

ఎనుము మొదటి పొట్టలో నూరు లీటర్లకు పైగా పడుతుంది. అందులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులున్నాయి. జొన్న చొప్ప, వరిగడ్డి, దాణాలోని పొట్టు వంటి వాటిలో ఉండే పీచును అరిగించే శక్తి ఎనుముకు సొంతంగా లేదు. ఆ పని సూక్ష్మజీవులు చేస్తాయి. పీచు పులిసి ఆమ్లాలుగా మారుతుంది, ఆ ఆమ్లాలే ఎనుముకు బలం, పాలలో వెన్నకు మూలం. మేత తగ్గించి దాణా మాత్రమే పెంచితే వెన్న శాతం పడిపోతుందని సంఘంలో పరీక్ష చేసేవారు చెప్పేది ఇందుకే. పైగా ఎనుముకు తొందర లేదు. తిన్నదాన్ని నెమరు వేస్తుంది, రెండు మూడు రోజులు కడుపులో నిలుపుకుంటుంది.

కోడికి ఆ పొట్ట లేదు, నెమరు లేదు, పళ్ళు కూడా లేవు. ముక్కుతో పొడిచిన గింజ గొంతు కింద ఉండే మేతసంచిలోకి దిగి నానుతుంది. సాయంత్రం గూట్లోకి పోయే కోడి మెడ కింద తడిమితే ఉబ్బెత్తుగా చేతికి తగిలేది అదే. అక్కడినుండి చిన్న కడుపులోకి పోయి పుల్లటి రసాలు కలుపుకొని, కందనకాయలో పడుతుంది. నమిలే పని జరిగేది కందనకాయలోనే. ఆపైన చిన్నపేగు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వు అన్నీ ఇక్కడే ఒంటికి పడతాయి. ఉదయం తిన్న మేతలో చాలా భాగం సాయంత్రం లోపలే రెట్టగా బయటకు వచ్చేస్తుంది. ఎనుముకు రోజులు పట్టే పనిని కోడి గంటలలో ముగించాలి.

చిన్నపేగు చివర రెండు మూసుకుపోయిన పేగులు సంచుల మాదిరి ఉంటాయి. ఎనుము పొట్టలో ఉన్నట్లే వాటిలోనూ సూక్ష్మజీవులు ఉన్నాయి, కొంత పులియడం జరుగుతుంది. అయితే అవి చాలా చిన్నవి, పేగు చివరన ఉన్నవి. ముతక పొట్టు వాటిలోకి ప్రవేశించదు. సన్నగా, నీళ్ళగా ఉన్నది మాత్రమే పోతుంది. కాబట్టి పొట్టునుండి కోడికి దక్కే బలం లెక్కలోకి రానంత తక్కువ.

ఎనుముకు ఆహారమైన పీచు కోడికి ఆహారం కాదన్నమాట. అయితే పీచు పూర్తిగా పనికిరానిది అని కూడా అనుకోరాదు. ఆ సంగతి తెలియాలంటే కందనకాయను చూడాలి.

కందనకాయ చెప్పే సాక్ష్యం

దీనికి పుస్తకం అక్కరలేదు. ఆదివారం నాడు నాటుకోడి కోసినప్పుడు దాని కందనకాయను పక్కన పెట్టండి. అంగట్లో బ్రాయిలరు కోడి కందనకాయను తెచ్చి పోల్చి చూడండి. నాటుకోడిది ముదురు ఎరుపు రంగులో గట్టిగా ఉంటుంది, కత్తికి ఎదురు తిరుగుతుంది. కోస్తే లోపల చిన్న రాళ్ళు, ఇసుక, గింజల తునకలు కనిపిస్తాయి. పైన ఊడదీసి పారేసే పసుపు పొర దళసరిగా, గరుకుగా ఉంటుంది. బ్రాయిలరుది కోడి బరువుతో పోలిస్తే చిన్నది, మెత్తనిది. లోపల రాయి కనిపించదు.

ఈ తేడాలో కొంత జాతిది, ఎక్కువ భాగం మేతది. కందనకాయ ఒక కండ. గానుగ తిప్పే ఎద్దుకు మూపు బలిసినట్లు, పని ఉంటే బలుస్తుంది, పని లేకుంటే చిక్కుతుంది. నాటుకోడి పొద్దున లేచినది మొదలు గట్టి గింజ, గడ్డి పరక, పురుగు పెంకు, పొట్టు తింటూ ఉంటుంది. అది రుబ్బుకోక తప్పదు. ఫారంలో కోడికి మెత్తగా మరపట్టిన పిండి లేదా దానిని అదిమి చేసిన గుళికలు వేస్తారు. రుబ్బవలసింది ఏమీ లేదు. మేత కందనకాయలో ఆగకుండా జారిపోతుంది.

నార్వే, స్పెయిన్ దేశాల శాస్త్రజ్ఞులు గత పాతికేళ్ళుగా ఈ విషయాన్ని బాగా పరిశీలించారు. మెత్తని మేతలో ఓట్స్ పొట్టు వంటి ముతక పీచును నూటికి రెండు మూడు వంతులు కలిపి చూశారు. కందనకాయ పెరిగింది, అందులో ఆమ్లం పాలు హెచ్చింది, మేత అక్కడ ఎక్కువసేపు నిలిచింది. దానివల్ల చిన్నపేగులో పిండిపదార్థం మునుపటికంటే బాగా అరిగింది. తాను అరగని పీచు తక్కిన మేతను అరిగించడానికి తోడ్పడింది. ఒకప్పుడు కోడి మేతలో పీచు ఎంత తక్కువైతే అంత మంచిదని నిపుణులే చెబుతూ వచ్చారు. ఈ పరీక్షల తరువాత ఆ మాట కొంత సడలింది.

అయితే ఇందులో "రెండు మూడు వంతులు" అన్న మాట మరువరాదు. ఉప్పు కూరకు రుచి కదా అని గుప్పెడు వేయము. పీచు ఎక్కువైతే మేతసంచి పొట్టుతో నిండిపోతుంది. పెద్ద కోడి అయితే మరికాస్త తిని ఆ లోటు పూడ్చుకుంటుంది. వారం వయసు పిల్ల పూడ్చుకోలేదు. దాని సంచిలో పట్టేదే కొద్ది గ్రాములు. ఆ కొద్దిలో సగం పొట్టు అయితే, కడుపు నిండి కూడా పిల్ల పస్తున్నట్లే. ఆ సభ్యురాలి పిల్లలు దాణా తింటూనే ఎదగకపోవడానికి ఇది మొదటి కారణం.

రెండు రకాల పీచు

పీచు అంటే పొట్టు, ఊక ఒక్కటే కాదు. నీళ్ళలో కరగని పీచు ఒక రకం. వరి ఊక, పొద్దుతిరుగుడు గింజల పొట్టు, కొర్రల పైపొర ఈ తరగతిలోకి వస్తాయి. ఇవి చిక్కబడవు, వచ్చిన దారినే పోతాయి. వీటివల్ల హాని ఏదైనా ఉంటే చోటు ఆక్రమించడమే.

రెండవది నీళ్ళు తగలగానే జిగురయ్యే పీచు. గోరుచిక్కుడు గింజనుండి తీసే జిగురు అందరికీ తెలిసినదే. ఆ జిగురు తీయగా మిగిలిన పిండి పశువుల దాణాలలో వాడతారు. మాంసకృత్తులు బాగా ఉన్నందున ఎనుముకు మంచిదే. దానిలో మిగిలిన జిగురు మాత్రం కోడిపిల్ల పేగులో అంబలి మాదిరి చిక్కబడుతుంది. పేగులో ఊరే రసాలు మేతతో కలవవు, అరిగినది పేగు గోడకు చేరదు. రెట్ట బంకగా వస్తుంది, వెనుక ఈకలకు అంటుకొని ద్వారం మూసుకుపోతుంది. గోధుమ, బార్లీ ఎక్కువగా మేపే చలి దేశాలలో కూడా ఇదే చిక్కు వచ్చింది. ఆ జిగురును తెగ్గొట్టే ఎంజైములను మేతలో కలిపి వారు బయటపడ్డారు. మన జొన్నలో, మొక్కజొన్నలో, సజ్జలో ఈ జిగురు బాధ దాదాపు లేదు. ఈ విషయంలో మన మెట్ట గింజలు కోడికి ఎంతో అనుకూలమైనవి. ఎర్ర జొన్నలలో కొన్ని రకాలకు వగరు ఎక్కువ, ఆ వగరు మాంసకృత్తులను అరగనివ్వదు. తెల్లజొన్న, పచ్చజొన్నలతో ఆ భయం అంతగా లేదు.

జాతి సంగతి

ఇక రెండవ ప్రశ్న. నాటుకోడికి పుట్టుకతోనే జీర్ణశక్తి ఎక్కువా?

మన పెద్దలు ఎక్కువనే అంటారు. ఆ మాటలో సగం నిజముంది. నాటుకోడికి పొట్టును అరిగించే ప్రత్యేకమైన రసమేదీ లేదు, ఏ జాతి కోడికీ లేదు. నాటుకోడి చేసేది ఏరుకోవడం. ఎనుము తొట్టి దగ్గర దానిని కాసేపు గమనించండి. దాణాలోని నూకను, చెక్క తునకను ఏరుతుంది, పొట్టును కాళ్ళతో చిమ్మి వదిలేస్తుంది. ఆపైన పేడదిబ్బ మీదికి పోయి పురుగులు తింటుంది. అంటే దాణా దానికి పూట మేత కాదు, చిరుతిండి. తడిపి ముద్దచేసి గిన్నెలో పెట్టిన దాణాలో పిల్లలకు ఏరుకునే వీలు లేదు. పైగా గంప కింద మూసిపెట్టిన పిల్లకు పురుగూ దొరకదు, పచ్చీ దొరకదు.

రెండవ తేడా అవసరంలో ఉంది. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది. హైదరాబాదు రాజేంద్రనగరంలో 1988లో ప్రాజెక్టు డైరెక్టరేట్‌గా మొదలై, 2013లో కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ అయిన కేంద్ర సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే కోళ్ళను రూపొందించింది. వీటిలో గ్రామప్రియ పెరట్లోనే 160 నుండి 180 గుడ్ల దాకా పెడుతుందని ఆ సంస్థ చెబుతుంది. ఇవి రంగు ఈకలతో, పొడుగు కాళ్ళతో నాటుకోళ్ళలాగే ఉంటాయి, పెరట్లో తిరిగి బ్రతకగలవు. అయితే వేగంగా పెరిగే పిల్లకు రోజు రోజుకు కావలసిన మాంసకృత్తులు కూడా ఎక్కువే. పూటకు రెండు లీటర్లిచ్చే ఎనుముకూ ఎనిమిది లీటర్లిచ్చే ఎనుముకూ ఒకే మేత వేస్తే ఏది చిక్కిపోతుందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు.

జాతిని ఎంపిక చేస్తూ పోతే ఎంతదాకా మార్పు వస్తుందో చూపే పరీక్ష ఒకటి కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జరిగింది. 1957 నాటి కోళ్ళ వంశం, 1978 నాటి వంశం, 2005 నాటి బ్రాయిలరు, ఈ మూడింటికీ ఒకే మేత వేసి పెంచారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండవది 1,808 గ్రాములు, మూడవది 4,202 గ్రాములు తూగాయి. 2014లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మేతలో మార్పు లేదు కాబట్టి తేడా అంతా వంశానిదే. ఇందులో ముఖ్యమైనది ఆకలి. కొత్త కోడి చాలా ఎక్కువ తింటుంది, తిన్నదానిని కండగా మలచుకుంటుంది.

జీర్ణశక్తిని మాత్రమే తీసుకొని ఎంపిక చేసినవారు ఫ్రాన్సు దేశంవారు. అక్కడి జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు నూజిల్లీ అనే చోట కోళ్ళకు అరగడం కష్టమైన ఒక గోధుమ మేతను పెట్టి, మూడు వారాల వయసులో ఏ పిల్ల ఎంత అరిగించుకుంటున్నదో కొలిచారు. బాగా అరిగించుకున్న వాటిని ఒక వంశంగా, సరిగా అరిగించుకోలేని వాటిని వేరొక వంశంగా తరతరానికి విడదీసి పెంచుతూ వచ్చారు. 2004లో మొదటి ఫలితాలు ప్రకటించారు. కొద్ది తరాలలోనే రెండు వంశాలూ స్పష్టంగా విడిపోయాయి. రెండింటినీ కోసి చూస్తే, బాగా అరిగించుకునే వంశానికి కందనకాయ, దాని ముందున్న చిన్న కడుపు పెద్దవిగా ఉన్నాయి, మేత అక్కడ ఎక్కువసేపు నిలుస్తున్నది. సరిగా అరిగించుకోలేని వంశానికి కందనకాయ చిన్నది, చిన్నపేగు బరువైనది. పైన రుబ్బడం సరిగా జరగక, ఆ భారం పేగు మీద పడిందన్నమాట.

తల్లిదండ్రుల నుండి పిల్లకు వచ్చే పాలు ఈ విషయంలో మూడోవంతుకు కొద్దిగా పైన ఉంటుందని వారు లెక్క తేల్చారు. మనకు తెలిసిన లెక్కతో పోలిస్తే, పాల దిగుబడిలో వంశం పాలు కూడా దాదాపు ఇంతే, పావు నుండి మూడోవంతు. మంచి ఆబోతు వీర్యంతో పుట్టిన పెయ్యకు పాలివ్వగల గుణం వస్తుంది. ఆ పెయ్యను ఎండబెడితే పాలు రావు. కోడి జీర్ణశక్తి కూడా అలాంటిదే. మూడోవంతు వంశంలో వస్తుంది, తక్కినది మేతలోనూ పెంపకంలోనూ ఉంది. కందనకాయ పెద్దది కాగల పిల్లకు కూడా తొలివారాలలో తగిన పని ఇవ్వకుంటే అది పెరగదు.

ఈ పరీక్ష గోధుమ మేత మీద జరిగిందని గుర్తుంచుకోవాలి. జొన్న, మొక్కజొన్న తేలికగా అరిగేవి కాబట్టి మన పెరట్లో వంశాల మధ్య తేడా అంత కొట్టొచ్చినట్లు కనబడకపోవచ్చు. మా అభిప్రాయంలో మన సభ్యులు జాతి గురించి పడే ఆరాటంలో సగం మేత మీద పెడితే ఎక్కువ లాభం.

దాణా మూటలో ఇంకేముంది

పీచు ఒక్కటే అయితే దాణాను జల్లెడ పట్టి పొట్టు తీసి వేయవచ్చు కదా అని ఒక సభ్యుడు అడిగారు. తెలివైన ప్రశ్నే. కాని చిక్కు అంతటితో తీరదు.

మూట మీద మాంసకృత్తులు నూటికి 20 అని ఉంటుంది. కోడిపిల్లల మేత మూట మీద కూడా దాదాపు అంతే ఉంటుంది. ధర చూస్తే దాణా చవక. అందుకే చాలామంది మోసపోతారు. కొన్ని రకాల పశువుల దాణాలో నూటికి ఒక వంతు దాకా యూరియా కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఒక కిలో యూరియా కాగితం మీద లెక్కలో సుమారు 2.8 కిలోల మాంసకృత్తులకు సమానం. ఎనుము పొట్టలోని సూక్ష్మజీవులు దానిని నిజంగానే మాంసకృత్తులుగా మార్చగలవు. కోడికి ఆ వసతి లేదు. అది రెట్టలో పోతుంది, మోతాదు మించితే హాని చేస్తుంది. అదే ప్రమాణాలు పశువుల దాణాలో పీచు రకాన్ని బట్టి నూటికి 10 నుండి 12 వంతుల దాకా ఉండనిస్తాయి. ఎనుముకు అది తక్కువే, కోడిపిల్లకు చాలా ఎక్కువ.

ఉప్పు మరొకటి. కోడి మేతలో ఉప్పు నూటికి అర వంతు కూడా అక్కరలేదు. పాడి పశువుల దాణాలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. పిల్లలు నీళ్ళు విపరీతంగా తాగి, నీళ్ళ రెట్ట వేస్తాయి. తాగేందుకు నీళ్ళు అందకపోతే చనిపోతాయి కూడా.

పత్తిగింజల చెక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆదోని పత్తి మార్కెట్టు దగ్గరుండడం వల్ల మన వైపు పత్తిగింజలు, చెక్క సులభంగా దొరుకుతాయి. ఎనుములకు అవంటే ప్రీతి, పాలు చిక్కగా వస్తాయని సభ్యులకూ ప్రీతి. పత్తిగింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంది. ఎదిగిన ఎనుము పొట్ట దానిని చాలావరకు అదుపులో పెడుతుంది. కోడికి అది పడదు. పిల్లల ఎదుగుదల తగ్గుతుంది. పెట్ట తింటే, కొద్ది రోజులు నిలవ ఉంచిన గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చ కలిసిన మట్టిరంగుకు తిరుగుతుంది. గుడ్డు పగలగొట్టి ఈ రంగు చూసి దిష్టి అనుకున్నవారు కూడా ఉన్నారు. కోడి తిన్న మేతేమిటో ముందు చూడండి.

బూజు పట్టిన బుడ్డల చెక్కను ఎనుముకూ కోడికీ కూడా వేయవద్దు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్ష సీమకోళ్ళు చనిపోయిన తరువాతనే ఆ బూజు విషం ప్రపంచానికి తెలిసింది. ఎనుము తింటే ఆ విషం పాలలోకి కూడా దిగుతుంది.

మరి ఏమి వేయాలి

మేలుజాతి పిల్లలు తెచ్చుకున్నవారు మొదటి ఆరు వారాలు పిల్లల మేతనే వేయాలి. ఇందులో మేము రాజీ చెప్పలేము. ఒక్కొక్క పిల్ల ఈ ఆరు వారాలలో తినేది ఒకటిన్నర కిలోల అటూ ఇటూ. 20 పిల్లలకు సుమారు 30 కిలోలు, అంటే 50 కిలోల మూటకు కూడా తక్కువే. ఆ ఖర్చుకు వెనుకాడి దాణా పెట్టిన సభ్యురాలికి ఏడు పిల్లలు పోయాయి, మిగిలినవి గుడ్లకు వచ్చేసరికి ఆలస్యమైంది. లెక్క మీరే వేసుకోండి.

బయట మేత దొరకనప్పుడు ఇంట్లో కలుపుకునేవారు తెల్లజొన్న, సజ్జ లేదా మొక్కజొన్న నూక సగం పాళ్ళు, మంచి బుడ్డల చెక్క గాని సోయా చెక్క గాని మూడోవంతుకు కొంచెం తక్కువ, మిగిలినది తవుడు, కోళ్ళకు ఉద్దేశించిన ఖనిజ లవణాలు, విటమిన్ల పొడి వేసుకోవచ్చు. బుడ్డల చెక్క మాత్రమే వాడితే పిల్లకు కావలసిన కొన్ని అమినో ఆమ్లాలు చాలవు. కాసింత సోయా లేదా ఎండు చేపల పొడి చేరితే మేలు. తవుడు విషయంలో జాగ్రత్త. తుంగభద్ర దిగువ కాలువ కింద పండిన వరి ఆడే మిల్లులలో తవుడు దొరుకుతుంది, కాని ఊక కలిసిన తవుడు కూడా తవుడు పేరుతోనే దొరుకుతుంది. మంచి తవుడులో పీచు పది వంతుల అటూ ఇటూ, ఒట్టి ఊకలో నలభై వంతుల దాకా ఉంటుంది. అరచేతిలో వేసి ఊదితే పొట్టు ఎగిరేది ఎంతో, ముద్ద కట్టేది ఎంతో తెలిసిపోతుంది.

మేతను మరీ మెత్తగా మరపట్టించవద్దు. రవ్వ మాదిరి ఉండనివ్వండి. మూడు వారాలు దాటిన పిల్లలకు మేత పైన చారెడు కొర్రలు పొట్టుతోనే చల్లవచ్చు. కందనకాయకు పని దొరుకుతుంది, పిల్లలు గీరడం నేర్చుకుంటాయి. గింజ వేసే రోజునుండి చిన్న గరుసు, ముతక ఇసుక అందుబాటులో ఉంచాలి. సున్నపురాయి తునకలు, గవ్వ పెంకులు గరుసుకు బదులు కావు. అవి కందనకాయ ఆమ్లంలో కరిగిపోతాయి. గుడ్డు పెంకుకు అవసరమే గాని రుబ్బుడుకు పనికిరావు.

ఆరు వారాల తరువాత టీకాలు పూర్తి చేసి బయటికి వదలండి. ముఖ్యంగా కొక్కెర తెగులు టీకా మరువవద్దు. ఆ రోగానికి మేతతో విరుగుడు లేదు. పగలంతా తిరిగి తిన్న కోడికి సాయంత్రం గూట్లోకి వచ్చేటప్పుడు పిడికెడు గింజలు చాలు. గుడ్లు పెట్టే పెట్టకు కాస్త చెక్క, గవ్వ పెంకు కలపాలి. పెద్ద కోళ్ళు తొట్టి చుట్టూ రాలిన దాణాను ఏరుకుంటే అభ్యంతరం లేదు. పత్తిగింజల చెక్క ఉన్న తొట్టి దగ్గరకు మాత్రం రానివ్వకండి.

ఒక సందేహం మిగిలింది. మేత బాగున్నా కోడి అప్పుడప్పుడు గోధుమరంగులో, బంకగా, కంపుకొట్టే రెట్ట వేస్తుంది. చాలామంది దీనిని చూసి రోగమని మందులు తెస్తారు. పైన చెప్పిన రెండు మూసుకుపోయిన పేగులు రోజుకు కొన్నిసార్లు ఖాళీ అవుతాయి, అప్పుడు వచ్చే రెట్ట అది. ఏడెనిమిది మామూలు రెట్టలకు ఒకటి అలా ఉంటే ఆ పేగులు బాగా పనిచేస్తున్నట్లే. మామూలు రెట్ట గట్టిగా ఉండి, పైన తెల్లని సున్నం మాదిరి టోపీ ఉంటుంది. ఆ తెలుపు కోడి మూత్రమే. రెట్టలన్నీ బంకగా ఉంటే మేతలో జిగురు పదార్థం చూడండి. అన్నీ నీళ్ళుగా ఉంటే ఉప్పు చూడండి. ఎర్రగా నెత్తురు కనిపిస్తే మేత మార్చుతూ కూర్చోవద్దు, ఆ రెట్టను ఒక ఆకులో చుట్టుకొని ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి చూపించండి.